ఎండాకాలంలో గేదె పాలు తగ్గితే దాణా పెంచాలా?

ఎండలు ముదిరాక గేదె పాలు సగానికి పడిపోయాయని, ఎదకు కూడా రావడం లేదని, దాణా పెంచితే ఫలితం ఉంటుందా అని అడిగారు. పెంచకండి. నేను పెంచి డబ్బు పోగొట్టుకున్నాను.

మాది పల్నాడు. వేసవి వార్తల్లో రెంటచింతల పేరు వినే ఉంటారు, ఆ చుట్టుపక్కలే. పాత తాటాకు పాక పీకేసి, ముచ్చటపడి రేకుల షెడ్డు వేయించాను. మరుసటి వేసవికి రోజుకు 9 లీటర్లిచ్చే ముర్రా గేదె 5 లీటర్లకు దిగింది. దాణా 2 కిలోలు పెంచితే సగం తొట్టిలోనే వదిలేసేది. ఒక మధ్యాహ్నం అది నీళ్ల తొట్టిలో మూతి పెట్టి చటుక్కున తీసేయడం చూసి నేనూ చెయ్యి పెట్టాను. స్నానానికి కాచిన నీళ్లలా ఉన్నాయి! పాలలో 80 శాతానికి పైగా నీరే కదా. తాగని గేదె ఎక్కడి నుంచి ఇస్తుంది?

గేదెది నల్లటి ఒళ్లు, చెమట గ్రంథులు ఆవుకన్నా బాగా తక్కువ. అందుకే చెరువు కనపడితే వదలదు. ఒళ్లు వేడెక్కితే ముందు మేత తగ్గిస్తుంది, ఎందుకంటే మేత అరిగేటప్పుడు పుట్టేదీ వేడే. ఎండుగడ్డితో ఆ వేడి మరీ ఎక్కువ. దాన్ని రాత్రికి మార్చి, పచ్చిమేత తెల్లవారుజామున వేయడం మొదలుపెట్టాను. రేకుల మీద తాటాకు పరిచాను, తొట్టిని వేపచెట్టు కిందికి జరిపాను. పడమటి వైపు తడి గోనె సంచులు కట్టాను కానీ, గాలి ఆడని షెడ్డులో అలా కడితే ఉక్క పెరిగి ఇంకా చెడుపు. పది రోజుల్లో 2 లీటర్లు తిరిగొచ్చాయి. మిగతా రెండు రాలేదు.

ఎద సంగతి వేరు. వేసవిలో చాలా గేదెలకు మూగ ఎద. అరవవు, తీగలూ (మానం నుంచి జారే జిగట స్రావం) సరిగా వేయవు, వచ్చినా రాత్రిపూటే. తెల్లవారకముందే లేచి, పడుకున్న చోట, తోక కింద చూడాలి. పొద్దున కనబడితే సాయంత్రం కృత్రిమ గర్భధారణ సూది వేయించాలి. అయినా గేదె సహజంగా పగలు తగ్గే కాలంలోనే బాగా చూలు కడుతుంది. నా గేదెల్లో ఒకటి అక్టోబరు దాకా కట్టలేదు.

నెపం ఎండ మీదికి నెట్టే ముందు రెండు చూడండి. ఉదయం చల్లటి వేళ థర్మామీటరు పెట్టినా 103 డిగ్రీలు దాటిందంటే అది జబ్బే, డాక్టరును పిలవండి. తొలి ధారలు నల్లగుడ్డ మీద పిండి చూడండి, తెల్లటి ముక్కలు పడితే పొదుగువాపు. గొంతువాపు టీకా మాత్రం వానలకు ముందే వేయించండి. ఆ జబ్బు సోకితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం తీస్తుంది.

మీ గేదె ఈని ఎన్ని నెలలయిందో రాయలేదు. ఏడెనిమిది దాటి ఉంటే, పాలు తగ్గడంలో ఎండ వాటా కొంతే.