పాత మండువా ఇంట్లో నెట్‌వర్క్ కేబుల్: ఎంత కావాలి, ఎలా లాగాలి?

ప్రశ్న: మా తాతగారు కట్టించిన మండువా లోగిలిలో ఉంటున్నాము. గోడలు రెండడుగుల మందం, గానుగ సున్నంతో కట్టినవి. ఫైబర్ కనెక్షన్ వీధి గది దాకా వచ్చింది కానీ, మా అమ్మాయి ఇంటి నుంచి ఉద్యోగం చేసుకునే పడమటి గదికి వైఫై అందడం లేదు. ఆ గదికి, హాల్లో టీవీకి, మేడ గదికి, వసారాలో మరో వైఫై పెట్టెకు, పెరటి గుమ్మం దగ్గర కెమెరాకు కేబుల్ లాగించాలి. ఎలక్ట్రీషియన్ ప్లాను మీద గీతలు గీసి, వంద మీటర్ల కట్ట ఒకటి చాలునని, గోడలకు గాళ్లు కొట్టి పైపులు పూడ్చేద్దామని అంటున్నాడు. ప్లాను నకలు జతచేశాను. సరేననమంటారా?
– ఒక పాఠకుడు, కోనసీమ

జవాబు: ఆ రెండు మాటల్లో దేనికీ ఒప్పుకోవద్దని నా సలహా.

ముందు గోడల సంగతి. సున్నపు గోడకు గాడి కొడితే ఉలి దెబ్బ గాడితో ఆగదు, చుట్టుపక్కల గార కూడా వదులవుతుంది. మా అమ్మమ్మగారి ఇంట్లో అంగుళం వెడల్పు గాడి కోసం ఉలి పెట్టగానే జానెడు మేర గార పెళ్లలుగా ఊడివచ్చింది. దాని మీద పూసిన సిమెంటు రెండో వర్షాకాలానికే బీటలు తీసి గోడను వదిలేసింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. మీ ఇంట్లో వాసాల కింద, గోడ పైఅంచు వెంబడి పీవీసీ పైపు బిగించి, సున్నం రంగే వేయిస్తే ఎవరి కంటా పడదు. ఎలుకల నుంచి కేబుల్‌కు కాపుదల కూడా దొరుకుతుంది. గోడ దాటవలసిన చోట మాత్రమే పొడవాటి డ్రిల్ బిట్‌తో ఒక్క రంధ్రం వేయించండి. బయటి గోడ అయితే ఆ రంధ్రం బయటివైపుకు కొద్దిగా వాలి ఉండాలి, లేకపోతే వాన నీరు లోపలికి నడుస్తుంది. దూలాలకు మాత్రం ఎక్కడా చిల్లు పెట్టనివ్వకండి.

ఇక కొలత. కాగితం మీద వీధి గది నుంచి పడమటి గదికి ఐమూలగా గీత గీస్తే 44 అడుగులు వస్తుంది. కానీ కేబుల్ గాలిలో ఎగిరి వెళ్లదు కదా, గోడల వెంబడి 40 అడుగులు ఒకవైపు, 18 అడుగులు మరొకవైపు వెళ్లాలి. అంటే 58. వీధి గదిలోని ఫైబర్ పెట్టె దగ్గర నుంచి గోడ పైఅంచు దాకా ఎక్కడానికి 8, అవతల గదిలో బల్ల పక్కకు దిగడానికి 11, రెండు గోడల మందం 4, పెట్టె దగ్గర చుట్ట చుట్టి ఉంచే మిగులు 6, సాకెట్ దగ్గర 2 కలిపితే 89 అడుగులు తేలుతుంది. కాగితం మీది గీతకు ఇది ఇంచుమించు రెండింతలు.

పాత ఇళ్లలో మూలలు మట్టానికి ఉండవు, కనుక ప్లానును కూడా పూర్తిగా నమ్మకండి. నిచ్చెన వేసుకుని, ఒక పురికొసను కేబుల్ వెళ్లే దారి వెంబడే పట్టించి, మలుపు దగ్గరల్లా ముడి వేసి, కిందికి దించి టేపుతో కొలవండి. గంట పని, కానీ ఆ గంటలోనే అడ్డొచ్చే దూలాలు, అటక మీది సామాను, కరెంటు తీగలు అన్నీ కంటబడతాయి.

పడమటి గదికి ఉద్యోగపు అవసరం కనుక రెండు కేబుళ్లు వేసుకుంటే 178 అడుగులు. మీ ప్లానును బట్టి ఇదే లెక్కన టీవీకి సుమారు 52, మేడ గదికి 74, వసారాకు 45, కెమెరాకు 110 పడతాయి. మొత్తం 459 అడుగులు. వంద మీటర్ల కట్ట అంటే 328 అడుగులే. సగం దారిలో కేబుల్ చాలక అతుకు వేస్తే, ముందు ముందు తంటాలన్నీ ఆ అతుకు దగ్గరే మొదలవుతాయి. కాబట్టి 305 మీటర్ల కేబుల్ పెట్టె, అంటే సుమారు వెయ్యి అడుగులది, ఒకటి తీసుకోండి. నూటికి 15 వంతులు అదనంగా కలుపుకుని ప్రతి చోటికీ రెండేసి వేసినా 851 అడుగులే అవుతుంది. నేనైతే రెండేసి వేయించమనే చెబుతాను, ఎందుకంటే మనుషులు మళ్లీ నిచ్చెన ఎక్కే కూలి ముందు కేబుల్ ఖరీదు లెక్కలోది కాదు. అయితే 25 మి.మీ. పైపులో నాలుగు కేబుళ్లకు మించి కుక్కకూడదు, కనుక ఐదు చోట్లకు వెళ్లే పది కేబుళ్లూ కలిసి బయలుదేరే మొదటి భాగంలో మూడు పైపులు కావాలి.

నెట్‌వర్క్ కేబుళ్లలో క్యాట్ 6 అనే రకం చాలు. అది వంద మీటర్ల దూరం దాకా సెకనుకు ఒక గిగాబిట్ వేగాన్ని నిలకడగా అందిస్తుంది, మీ ఇంట్లో అతి పొడవైన దారి అందులో మూడో వంతు. కొనేటప్పుడు మాత్రం తీగ కొసను చాకుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనబడితే అది రాగి పూత పూసిన అల్యూమినియం, ధర ఎంత తక్కువైనా వద్దు. కెమెరాకు, వైఫై పెట్టెకు కరెంటు కూడా అదే కేబుల్‌లో పంపితే అటువంటి తీగ వేడెక్కుతుంది. కరెంటు తీగలున్న పైపులో దీన్ని ఎన్నడూ దూర్చకండి. పక్కపక్కనే వెళ్లవలసి వస్తే అడుగు ఎడం ఉంచండి, దాటవలసి వస్తే అడ్డంగా దాటించండి. మండువాలో ఎండా వానా తగిలే చోటికి, పెరటి గుమ్మానికి ఆరుబయట వాడే నల్లతొడుగు కేబుల్ విడిగా కొనండి. అప్పుడు పెట్టెలో అంత మేరకు మిగులుతుంది.

ప్రశ్న: మాది హైదరాబాదులో పాతికేళ్ల కిందటి ఫ్లాటు. గోడల్లో పాత టెలిఫోను తీగ పైపు ఉంది. అందులో నుంచి క్యాట్ 6 లాగవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ తీగను ఒక కొస నుంచి మెల్లగా లాగి చూడండి. రెండో కొస కదిలితే దారి తెరిచి ఉన్నట్టే. అప్పుడు ఆ పాత తీగకే కొత్త కేబుల్‌ను, దాంతోపాటు ఒక నైలాన్ తాడును టేపుతో నున్నగా చుట్టి, ఒకరు లోపలికి అందిస్తూ ఉండగా మరొకరు లాగాలి. ముక్కాలంగుళం పైపులో రెండు కేబుళ్లకు మించి పట్టవు. ఎక్కడైనా బిగుసుకుంటే బలం ప్రయోగించకండి, కేబుల్ లోపల జంటలుగా మెలివేసిన సన్న తీగల మెలిక చెదిరి వేగం పడిపోతుంది. తాడును మాత్రం పైపులోనే వదిలేయండి, రేపు ఇంకో కేబుల్ లాగడానికి అదే ఆధారం.