'గివ్ అప్' అంటే మానేయడం ఒక్కటేనా? చోటును బట్టి అర్థం మారుతుందా?

మారుతుందండీ, బాగానే మారుతుంది. నేనూ మానేయడమే అనుకున్నాను. అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులో చెప్పింది అదొక్కటే: 'గివ్ అప్ స్మోకింగ్' అంటే సిగరెట్ మానేయడం. నోట్సులో రాసుకున్నాను, అంతటితో సరి.

తర్వాత మాదాపూర్‌లో ఉద్యోగం. ఓ రాత్రి కాల్‌లో అమెరికా క్లయింట్ నవ్వుతూ, "లెట్స్ గివ్ ఇట్ అప్ ఫర్ ది హైదరాబాద్ టీమ్" అన్నాడు. నా గుండె జారిపోయింది. ప్రాజెక్టు ఆపేస్తున్నారు, మా టీమ్‌ని తీసేస్తున్నారు అనుకున్నాను. ఇంటి లోను ఈఎంఐ కళ్ల ముందు మెదిలింది. ఇంతలో అవతల అందరూ చప్పట్లు! పక్క సీటు అమ్మాయి మ్యూట్ నొక్కి, "అది మనల్ని మెచ్చుకోవడం, చప్పట్లు కొట్టండి అని" అంది. ఆ తర్వాత నేనూ కొట్టాను, కాస్త ఎక్కువసేపే.

2015లో గ్యాస్ సబ్సిడీ ప్రచారం పేరు కూడా 'గివ్ ఇట్ అప్'! స్తోమత ఉన్నవాళ్లు సబ్సిడీ వదులుకోండి అని. మా నాన్నగారు మాత్రం "ఏకంగా కనెక్షనే వదిలేయమంటున్నారేంట్రా?" అని కంగారుపడ్డారు.

ఈ విషయంలో తెలుగే నయం. వదిలేయడం వేరు, వదులుకోవడం వేరు. అక్కర్లేనిది వదిలేస్తాం, మనకు కావాల్సినదాన్ని వదులుకుంటాం. 'సిగరెట్ వదులుకున్నాడు' అంటే పాపం అనిపిస్తుంది, 'పిల్లల కోసం ఉద్యోగం వదులుకుంది' అంటే సరిపోతుంది. ఇంగ్లిష్‌లో రెండూ గివ్ అప్పే. మెట్రోలో పెద్దావిడకి లేచి సీటివ్వడమూ అదే. పొడుపు కథ విప్పలేక "ఐ గివ్ అప్" అంటే "ఓడిపోయా, నువ్వే చెప్పెయ్" అని.

చిన్న మాటల దగ్గర మాత్రం జాగ్రత్త. 'గివ్ అప్ ఆన్ హిమ్' అంటే వాడు ఇక బాగుపడడని ఆశ వదిలేసుకోవడం. 'గివ్ హిమ్ అప్ టు ది పోలీస్' అంటే వాణ్ణి పోలీసులకి అప్పగించడం. 'హీ గేవ్ హిమ్‌సెల్ఫ్ అప్' అంటే తనే వెళ్లి లొంగిపోయాడని. ఒక్క 'ఆన్' తేడాతో మనిషి స్టేషన్‌కి చేరతాడు! ఇంకోటి, 'గివ్ అప్ టు స్మోక్' అనకూడదు, 'స్మోకింగ్' అనాలి. 'గివ్ అప్ ఇట్' కూడా తప్పే, 'ఇట్' మధ్యలోకి రావాలి.

మొన్న మా ఆఫీసు ప్రింటర్ మీద ఎవరో 'గేవ్ అప్ ది ఘోస్ట్' అని చీటీ అంటించారు. కొత్తగా చేరిన కుర్రాడొకడు "దయ్యమేంటన్నా?" అని అడిగాడు. ఘోస్ట్ అంటే పాత ఇంగ్లిష్‌లో ప్రాణం కూడా. ప్రింటర్ ప్రాణం వదిలిందన్నమాట. ఇది వాడికి చెప్పడానికి మాత్రం నాకు డిక్షనరీ అక్కర్లేకపోయింది.