పాతిక శాతం వాటా: ఎవరికి, ఏ లెక్కన?

ప్రభుత్వ కొనుగోళ్లలో చిన్న పరిశ్రమలకు పెట్టిన వాటా గురించి నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఆరింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మాది చౌటుప్పల్ దగ్గర స్టీలు ర్యాకులు, బీరువాలు చేసే షెడ్డు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉంది. ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థ 1000 ర్యాకులకు టెండరు పిలిస్తే ఒక్కోటి 9,250 రూపాయలకు వేసినం. ఒక పెద్ద కంపెనీ 8,000కు వేసి అందరికంటే తక్కువ ధరతో ఎల్‌-1 అయింది. పాతిక శాతం చిన్న పరిశ్రమలకే అంటరు కదా, మాకు 250 ర్యాకులైనా ఎందుకు రాలేదు?
– ఒక పాఠకుడు, చౌటుప్పల్

జవాబు: యాభై రూపాయల తేడాతో పోయింది. సూక్ష్మ, చిన్న పరిశ్రమల కొనుగోలు విధానం ఉత్తర్వు 2012లో వచ్చింది. అందులో 20 శాతంగా ఉన్న వాటాను 2019 ఏప్రిల్ 1 నుంచి 25 శాతం చేశారు. అయితే ఇది ఆ సంస్థ ఏడాది మొత్తం కొనుగోళ్ల మీద లెక్క. ప్రతి టెండరులోనూ మీకోసం పక్కన తీసిపెట్టే భాగం కాదు. ఒక్కో టెండరులో మీకు దక్కేది వేరే అవకాశం: ఎల్‌-1 పెద్ద కంపెనీ అయినప్పుడు, మీ ధర దానికి 15 శాతం లోపు ఉంటే, ఎల్‌-1 ధరకు దిగి వస్తారా అని మిమ్మల్ని అడగాలి. ఒప్పుకుంటే 25 శాతం పరిమాణం వరకు మీకు ఇవ్వాలి.

8,000 మీద 15 శాతం కలిపితే 9,200. మీరు 9,150 వేసి ఉంటే పిలుపు వచ్చేది. కానీ 250 ర్యాకులూ 8,000 చొప్పునే ఇవ్వాలి, 9,150కి కాదు. ఆ 15 శాతం లోపల మీలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురుంటే ఆ 250 వాళ్లందరికీ పంపిణీ అవుతుంది. ఎల్‌-1 వచ్చినదే చిన్న పరిశ్రమ అయితే ఆర్డరు మొత్తం దానికే, మిగతావాళ్లను అడగరు. ముక్కలు చేయలేని వస్తువైతే మొత్తం ఆర్డరునూ చిన్న పరిశ్రమకు ఇచ్చే వీలుంది.

కాబట్టి టెండరు వేసే ముందే రెండు ధరలు రాసి పెట్టుకోండి. ఒకటి కోట్ చేసే ధర. రెండోది, పావు వంతు మాత్రమే వస్తే కూడా నష్టం లేకుండా ఇవ్వగల కనిష్ఠ ధర. చాలామంది తప్పు చేసేది ఈ రెండోదాని దగ్గరే. వెయ్యి ర్యాకుల రేకుకు డీలరు ఇచ్చే రేటు 250 ర్యాకుల రేకుకు ఇవ్వడు. లారీ కిరాయి, దింపుడు కూలి, తనిఖీలో వెనక్కి వచ్చే ర్యాకులు కూడా తక్కువ సంఖ్య మీద పడి ఒక్కోదానికి భారం పెరుగుతుంది. టెండరుతో పాటు కట్టే ధరావతు (ఈఎండీ) మీకు మాఫీ, కానీ ఆర్డరు వచ్చాక హామీగా కట్టే పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీ మాఫీ కాదు. 20 లక్షల ఆర్డరుకు 5 శాతం అంటే లక్ష రూపాయలు వారంటీ ముగిసి, ఆపైన మరో 60 రోజుల వరకు ఇరుక్కుని ఉంటాయి. ధర కుదరకపోతే వద్దని రాసి ఇవ్వడంలో తప్పేమీ లేదు. ఒప్పుకుని సరఫరా చేయలేకపోతే మాత్రం సెక్యూరిటీ సొమ్ము పోతుంది, తర్వాతి టెండర్లకు రానివ్వకపోవచ్చు.

ప్రశ్న: మిర్యాలగూడలో నాకు హార్డ్‌వేర్ దుకాణం ఉంది. ఉద్యమ్ సర్టిఫికెట్ పెట్టినా ఈఎండీ మాఫీ ఇవ్వలేదు. అన్యాయం కదా?
– ఒక వ్యాపారి

జవాబు: కాదండి. ఈ విధానం తయారుచేసేవారికి, సేవలు అందించేవారికి మాత్రమే. కొని అమ్మేవారికి 2021 జూలైలో ఉద్యమ్ నమోదు తెరిచినా, దాంతో వచ్చేది బ్యాంకు రుణాల్లో ప్రాధాన్యం మాత్రమే. మీ సర్టిఫికెట్‌లో ప్రధాన కార్యకలాపం అన్నచోట వ్యాపారం అని ఉంటే ఈఎండీ కట్టాల్సిందే. చీపుర్లు, బకెట్లు, ముళ్లకంచె, బోల్టులు వంటి 358 వస్తువులను కేంద్ర సంస్థలు చిన్న పరిశ్రమల దగ్గరే కొనాలన్న నియమానికీ ఇదే షరతు. ప్రభుత్వ కొనుగోళ్ల వేదిక జెమ్ పోర్టల్‌లో తయారీదారు అని తప్పుగా టిక్కు పెట్టమని సలహా ఇచ్చే ఏజెంట్లున్నారు, వినకండి. పట్టుబడితే ఖాతా ఆగిపోతుంది.

ప్రశ్న: వనపర్తి వాణ్ని, హైదరాబాద్‌లో ఒక కేంద్ర సంస్థ కొనుగోళ్ల విభాగంలో పని. ఏటా ఏప్రిల్‌లో 25 శాతం అని రాసుకుంటాం. ఫిబ్రవరి నాటికి 17 దగ్గర ఉంటాం. చివరి నెలలో స్టేషనరీ, ఫర్నిచర్ కొని నింపుతాం. దీన్ని సరిగా పెట్టుకునే పద్ధతి ఏమిటి?
– ఒక అధికారి

జవాబు: అన్ని వస్తువులకూ ఒకే 25 శాతం పెట్టుకోవడమే మీ ఇబ్బందికి మూలం. అది సంస్థ మొత్తానికి రావలసిన జవాబు. విభాగాల లక్ష్యాలు అందులోంచి వెనక్కి లెక్కగట్టాలి.

గడచిన మూడేళ్ల కొనుగోలు ఖాతా తీయండి. ఏడాదికి 40 కోట్ల కొనుగోళ్లు అనుకుందాం. వాటా 10 కోట్లు. ఆ లోపలే ఎస్సీ, ఎస్టీల పరిశ్రమలకు 4 శాతం, అంటే కోటీ 60 లక్షలు. మహిళల పరిశ్రమలకు 3 శాతం, అంటే కోటీ 20 లక్షలు. ఇప్పుడు ఖాతాలో ఒక్క కంపెనీయే ఇవ్వగల విడిభాగాలు, దిగుమతులు వంటివి విడదీయండి. అవి 18 కోట్లు అయ్యాయనుకోండి. అంటే మీ 10 కోట్లూ మిగిలిన 22 కోట్లలోంచే రావాలి. అక్కడ మీ అసలు లక్ష్యం 25 కాదు, 45 శాతం పైన. ఈ ఒక్క లెక్క ఏప్రిల్‌లో వేసుకోకపోవడం వల్లే ఫిబ్రవరి కంగారు.

ఆ 22 కోట్లను కూడా సమంగా పంచొద్దు. ప్యాకింగ్ పెట్టెలు, యూనిఫాంలు, ప్రింటింగ్, ఫ్యాబ్రికేషన్ వంటి వాటిలో 70 శాతం పెట్టినా అందుతుంది. కేబుళ్లు, పెద్ద మోటార్ల దగ్గర 15 కూడా కష్టం కావచ్చు. చౌటుప్పల్ మండలం దండుమల్కాపూర్ పారిశ్రామిక పార్కులోనో, జడ్చర్ల వైపో ఆ వస్తువు చేసేవాళ్లు ఎందరున్నారో చూసి అంకె వేయండి. జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగితే యూనిట్ల వివరాలు దొరుకుతాయి. కేంద్రానికి చెందిన జాతీయ చిన్న పరిశ్రమల సంస్థ ఎన్‌ఎస్‌ఐసీ వాళ్లు ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికవేత్తలతో సమావేశాలు పెట్టించగలరు. ఆ సమావేశం స్పెసిఫికేషన్ ఖరారు కాకముందు జరగాలి. టెండరు పడ్డాక పిలిచి టీ ఇచ్చి పంపితే ఏం లాభం?

ఇక అంకె సరిగా వేసినా టెండరు షరతుల దగ్గర జారిపోతుంది. పన్నెండు రకాల వస్తువులను కట్టగట్టి, మొత్తానికి కలిపి ఎల్‌-1 చూస్తామంటే, అన్నీ చేసే చిన్న పరిశ్రమ ఉండదు. అన్నీ కొని ఇచ్చే పెద్ద డీలరే మిగులుతాడు. అలాగని ఆర్డరును చిన్న చిన్న ముక్కలు చేయొద్దు. పై అధికారి అనుమతి తప్పించుకోవడానికి విడగొట్టడాన్ని సాధారణ ఆర్థిక నియమావళి 157వ నియమం నిషేధిస్తుంది. ఒకే టెండరు పిలిచి, వస్తువువారీగా ఎల్‌-1 తేలుస్తామని రాయండి, చాలు. మూడేళ్ల అనుభవం, కోట్ల టర్నోవరు అడిగే షరతులను నాణ్యతకు లోటు రానంత మేరకు చిన్న పరిశ్రమలకు సడలించే వీలుంది. ఫైలులో ‘సడలించవచ్చు’ అని ఉన్నచోట చాలామంది అధికారులు భయపడి సడలించరు. ఆడిట్ అడుగుతుందన్న భయమైతే, ఏ కారణంతో సడలించారో అదే ఫైలులో రెండు వాక్యాలు రాసి పెట్టుకోండి.

చివరి నెలలో అవసరం లేని కుర్చీలు కొని 25 చూపించడం లక్ష్యం చేరడం కాదు. ప్రతి మూడు నెలలకూ వస్తువువారీగా లెక్క తీయండి. ఉద్యమ్ ఉన్న వ్యాపారి దగ్గర కొన్నది చిన్న పరిశ్రమ ఖాతాలో కలిసిపోతుంటుంది, దాన్ని ఏరేయండి. వార్షిక కొనుగోలు ప్రణాళికను వెబ్‌సైట్‌లో పెట్టడం మీ బాధ్యత. పెడితే ర్యాకులు చేసేవాడు ఆరు నెలల ముందే సిద్ధపడతాడు.

ప్రశ్న: గద్వాలలో నలుగురం కలిసి భాగస్వామ్యంలో సంచులు, యూనిఫాంలు కుడుతున్నాం. ఇద్దరం ఆడవాళ్లం, వాటా సగం. మహిళల 3 శాతం మాకు వర్తిస్తుందా? మున్సిపాలిటీ టెండర్లలోనూ అడగొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: సగం చాలదమ్మా, కనీసం 51 శాతం మహిళల చేతిలో ఉండాలి. భాగస్వామ్య పత్రం మార్చి రిజిస్టర్ చేయించి, పాన్, జీఎస్టీ, ఉద్యమ్ వివరాలు ఒకేలా ఉండేట్టు సరిచేయించుకోండి. ఉద్యమ్‌కు రుసుము లేదు, డబ్బు అడిగే వెబ్‌సైట్లు నకిలీవి. ఇక 2012 ఉత్తర్వు కేంద్ర శాఖలకు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకే కట్టుబాటు. మున్సిపాలిటీ టెండరులో ఆ టెండరు పత్రంలో రాసిన రాయితీలే అడగగలరు. మీరు సంచులు కుడుతున్నారు కాబట్టి రైల్వే వంటి కేంద్ర కొనుగోలుదారులను జెమ్‌లో వెతకండి.

ప్రశ్న: అమెరికాలో ఈ వాటా 23 శాతమేనట. మనం 25 పెట్టుకున్నాం. అంటే మనమే ముందున్నట్టా?
– ఒక విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టలేం. అక్కడ పరిశ్రమను బట్టి వందల మంది కార్మికులున్న తయారీ కంపెనీ కూడా ‘చిన్న’దే. నిర్మాణ పనులూ లెక్కలోకి వస్తాయి. మన విధానంలో పనుల కాంట్రాక్టులు రావు. అక్కడి పద్ధతిలో మనం చూడదగ్గవి రెండున్నాయి. చిన్న వ్యాపారాల పరిపాలనా సంస్థ ఒక్కో శాఖతో విడిగా మాట్లాడి వేర్వేరు లక్ష్యాలు ఖాయం చేస్తుంది, మొత్తం మీద 23 వచ్చేలా. ఏటా ఒక్కో శాఖకు గ్రేడు ఇచ్చి బయటపెడుతుంది. పెద్ద కాంట్రాక్టు దక్కిన కంపెనీ తన కింద ఇచ్చే పనుల్లో చిన్నవాళ్లకు ఎంత శాతమో ముందే రాసి ఇవ్వాలి. మన దగ్గర ఏ కేంద్ర సంస్థ ఎంత కొన్నదో కేంద్ర సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల శాఖ నడిపే ఎంఎస్ఎంఈ సంబంధ్ పోర్టల్‌లో ఎవరైనా చూడొచ్చు.

ప్రశ్న: దేవరకొండ నుంచి రాస్తున్నా. ఒక ప్రభుత్వ కార్యాలయానికి బల్లలు చేసి ఇచ్చి ఆరున్నర నెలలైంది. 6 లక్షల బిల్లు రాలేదు. గట్టిగా అడిగితే మళ్లీ ఆర్డరు ఇవ్వరేమోనని భయం.
– ఒక పాఠకుడు

జవాబు: మీ భయం అర్థమవుతుంది, అయినా గడువులు తెలుసుకుని ఉండండి. వాటిని పెట్టింది 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం. రాష్ట్ర కార్యాలయాలకూ వర్తిస్తుంది. సరుకు అందాక 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అంగీకరించినట్టే. ఆర్డరులో ఏం రాసుకున్నా చెల్లింపు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. బ్యాంకు రేటు 6 శాతం అనుకుంటే నెలకు ఒకటిన్నర శాతం. గడువు దాటి ఐదు నెలలైతే మీ 6 లక్షలకు వడ్డీ సుమారు 46,370 రూపాయలు.

ముందు ఈ లెక్కతో ఒక ఉత్తరం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. కదలకపోతే కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. అది ఇలాంటి బకాయిల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తుంది, ముందు రాజీ, కుదరకపోతే తీర్పు. తీర్పును కోర్టులో సవాలు చేయాలంటే కొనుగోలుదారు 75 శాతం సొమ్ము ముందు జమ చేయాలి. ఆర్డరు కాపీ, ముద్ర ఉన్న డెలివరీ చలానా, ఇన్‌వాయిస్, ఉద్యమ్ సర్టిఫికెట్ జతచేయాలి. చలానా మీద తేదీ, సంతకం లేక ఆగిపోయే ఫిర్యాదులు ఎక్కువ. ఆర్డరు తేదీ కంటే ముందే ఉద్యమ్ నమోదై ఉండటం కూడా చూసుకోండి. తర్వాత చేయించుకున్న నమోదు పాత బిల్లును కాపాడుతుందని నమ్ముకోవద్దు. బల్లలు బిగించి ఇచ్చే ఆర్డరైతే సరఫరాకు, బిగింపుకు విడివిడి ఇన్‌వాయిస్‌లు రాయండి. లేదంటే ఇది పనుల కాంట్రాక్టు, మీ పరిధిలోకి రాదని అవతలివాళ్లు కౌన్సిల్ ముందు వాదిస్తారు.