పొగకూ తుపానుకూ మధ్య ఎన్ని గడులు?

శ్రీకాకుళం

చిరంజీవికి ఆశీస్సులు.

మన కొబ్బరితోటల సీమ ఉద్దానం పిల్లల కోసం నువ్వు వేసిన వాతావరణ మార్పు బొమ్మల కథను శ్రద్ధగా చదివాను. గీత బాగుంది. అయితే రెండో పేజీలో ఫ్యాక్టరీ పొగ, మూడో పేజీలో తుపాను పెట్టేసరికి, పొగ లేచిన మర్నాడే గాలివాన వస్తుందని పిల్లలు అనుకునే వీలుంది. మన తీరానికి తుపానులు కొత్త కావని ఏ తాతను అడిగినా చెబుతాడు; 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతంలో తీరం దాటిన తిత్లీ తుపానును పొగే పుట్టించిందని నువ్వు రాస్తే, ఆ తాత ముందు నీ పుస్తకం తేలిపోతుంది. తుపాను పుట్టడానికి సముద్రపు పైనీరు సుమారు 26.5 డిగ్రీల వేడి ఉండాలనీ, బొగ్గు, పెట్రోలు మండించగా గాలిలో చేరిన కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువులు పట్టి ఉంచే అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రంలోకే పోతోందనీ, నీరు వేడెక్కేకొద్దీ తుపాను మరింత బలపడే అవకాశమూ కురిపించే వానా పెరుగుతాయనీ వరుస తప్పకుండా చూపించు.

కాలాన్ని చూపడంలో బొమ్మల కథకున్న సౌలభ్యం వ్యాసానికి లేదు. బారువ తీరాన్నే ఒకే కోణంలో నాలుగు గడులలో గీయి. తెరచాప పడవ పోయి మోటారు పడవ రావాలి, ఆకాశంలో కార్బన్ డయాక్సైడ్‌ను సూచించే చుక్కలు చిక్కబడాలి. పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది కనుక, చుక్కకు పది పాళ్ల చొప్పున మొదటి గడిలో 28, చివరి గడిలో 42 పెట్టు. పిల్లలు తప్పకుండా లెక్కపెడతారు.

మాటల బుడగ నిండా ఉపన్యాసం దంచే శాస్త్రవేత్త మామయ్యను తీసెయ్యి. "ఆ పొగకీ మన తోటకీ ఏటే సంబంధం?" అని అవ్వ చేత అడిగిస్తే చాలు, కథ కదులుతుంది.

చివరి పేజీలో పాప ఒక్క మొక్క నాటగానే అంతా చక్కబడటం నాకు నచ్చలేదు. పెద్దల నిర్ణయాల బరువును పదేళ్ల పిల్ల నెత్తిన పెట్టడం అన్యాయం. పైగా తుపానుకు తోట కూలాక నాటిన కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో తండ్రి పలాసలో రైలెక్కి కూలికి వలసపోవడమూ కథలో భాగమే.

తిరగరాశాక మాటల బుడగలపై కాగితం అతికించి, అయిదో తరగతి పిల్లల చేత కథ చెప్పించు. వాళ్లు తడబడిన చోటల్లా బొమ్మను మార్చి, ఆ ప్రతినే నాకు పంపు.