టెక్ సందేహాలు: ప్లగిన్లు కాదు, బొంత కావాలి

ప్రశ్న: మాది విజయవాడ పటమట. ర్యాప్ పాడతాను. ఆరు వేలు పెట్టి కండెన్సర్ మైక్ కిట్ కొన్నాను. ఎంత పాడినా గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టుంది, బీట్‌తో కలవడం లేదు. ఫ్రెండ్ పెన్‌డ్రైవ్‌లో ఖరీదైన ప్లగిన్లన్నీ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేసుకుని గొంతును సరిచేసే చిన్న ప్రోగ్రాములు) ఇస్తే, యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చేశాను. అయినా తేడా లేదు. పైగా అప్పటినుంచి ఊరికే ఉన్నా ల్యాప్‌టాప్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. ఇంకా ఏ ప్లగిన్ వెయ్యాలి?

జవాబు: ఒక్కటి కూడా వెయ్యొద్దు. వేసినవాటి సంగతి కాసేపట్లో చెబుతాను. ముందు గది.

వేసవి సెలవులొస్తే ఈ ప్రశ్న వరసపెట్టి వస్తుంది. గుణదల నుంచి ఒకరు, గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకరు. ఊరు మారుతుంది గానీ గది మారదు. కింద నున్నటి టైల్స్, నాలుగు వట్టి గోడలు, పైన శ్లాబు. మీరు ఒక్కసారి అన్న మాటను గోడలు పదిసార్లు అంటాయి. కండెన్సర్ మైక్‌కు చెవులు మరీ పదును. మీ గొంతుతో పాటు గోడల గొంతు, సీలింగ్ ఫ్యాన్, పక్కింటి కుక్కర్ విజిల్ అన్నీ రాసిపెట్టుకుంటుంది. ఈ గదిలో స్టేజీల మీద వాడే మామూలు డైనమిక్ మైకే నయం. ‘స్టూడియో కిట్’ అని పేరు పెట్టి, చప్పట్లూ నవ్వులూ వచ్చే బటన్ల డబ్బా అంటగట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కండెన్సర్‌కు సాధారణంగా 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైక్ కేబుల్ లోంచే అందే కరెంటు) కావాలి. కొన్ని కిట్లలో అది ఉండదు, యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులతోనే నెట్టుకొస్తాయి. వెనకాల వినిపించే ‘సుయ్’మనే చప్పుడుకు అదీ ఒక కారణం కావచ్చు.

గుడ్ల అట్టలు మాత్రం అంటించకండి. మా మేనల్లుడు గోడంతా అంటించాడు. గొంతులో ఏ మార్పూ రాలేదు, వెనకాల బల్లులు మాత్రం కాపురం పెట్టాయి. ఆఖరికి వాళ్ల అమ్మమ్మ బొంతలు రెండు తెచ్చి, వాడి వీపు వెనక దండెం కట్టి ఆరేశాం. మైక్‌ను బట్టల బీరువా తలుపులు తెరిచి దాని ముందు పెట్టాం. అదే పాట, అదే మైక్, డబ్బా చప్పుడు మాత్రం చాలావరకు పోయింది. వీపు వెనక ఎందుకంటే, మైక్ మీ వైపే చూస్తుంటుంది గనక మీ వెనక గోడ నుంచి తిరిగొచ్చే శబ్దమే దానికి ఎక్కువ పడుతుంది.

మైక్‌కు జానెడు దూరంలో ఉండండి, మధ్యలో పాప్ ఫిల్టర్ (నోటి గాలిని ఆపే తెర) పెట్టండి. మరీ మీదికి వెళ్తే గొంతులో లేని బరువొస్తుంది. మన ర్యాప్‌లో ‘ఫ’, ‘భ’, ‘ఖ’ వరసగా పడితే గాలి తూటాల్లా తగులుతుంది, అందుకే మైక్‌ను నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకు తిప్పండి. 24 బిట్‌లో, గట్టిగా అరిచినప్పుడు కూడా మీటర్ మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా రికార్డ్ చేయండి. ఎర్రలైటు వెలిగిన టేక్‌ను ఏ ప్లగినూ పూర్తిగా బాగుచెయ్యలేదు. చార్జర్ పెట్టినప్పుడు గుయ్‌మంటుంటే అది తీసి పాడండి. ఫ్యాన్ ఆపితే మే నెలలో ఉడికిపోతామంటారా? తెల్లవారుజామున పాడండి, ఒక్కో టేక్ అయ్యాక ఫ్యాన్ వేసుకోండి.

మిక్సింగ్‌కు సాఫ్ట్‌వేర్‌లోనే వచ్చే ఈక్యూ (బరువు, సన్న స్వరాలను విడివిడిగా పెంచి తగ్గించేది), కంప్రెసర్ (గొంతు హెచ్చుతగ్గులను సమం చేసేది) చాలు. గొంతులో 80 హెర్ట్జ్ కింద కోసేయండి, 300–500 మధ్య కొంచెం తగ్గించండి, ‘స’, ‘ష’లు చెవిలో గుచ్చుకుంటే డీ-ఎసర్ పెట్టండి. గొంతు బీట్‌లో కలవకపోతే గొంతు పెంచకండి, బీట్‌లో 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ దగ్గర రెండు డెసిబెల్స్ తగ్గించి చూడండి.

ఇక ఆ పెన్‌డ్రైవ్. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది గొంతు కాదు, ‘యాంటీవైరస్ ఆపి’ అన్న రెండు మాటలు. కాపలావాణ్ణి మీరే ఇంటికి పంపి తలుపు తీశారు. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ ప్లగిన్‌లా పనిచేస్తూనే లోపల ఇంకో పని చేసుకుపోవచ్చు. ఊరికే తిరిగే ఫ్యాన్‌కు దుమ్ము కూడా కారణం కావచ్చు, కానీ మీ కంప్యూటర్‌తో ఎవరో క్రిప్టో కరెన్సీ తవ్వుకుంటున్నా ఇలాగే ఉంటుంది.

అంతకంటే పెద్ద దెబ్బ కుకీలది. మీరు జీమెయిల్‌లో లాగిన్ అయ్యాక బ్రౌజర్ ఒక గుర్తు దాచుకుంటుంది, అదే కుకీ. సినిమా హాల్లో ఇంటర్వెల్‌కు బయటికెళ్లినప్పుడు చేతిలో ఉండే సగం టికెట్ లాంటిది అది. అది చూపించినవాణ్ణి లోపలికి వదిలేస్తారు, పేరు అడగరు. దాన్ని దొంగిలించినవాడికి మీ పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఓటీపీ అంతకన్నా అక్కర్లేదు. 2019 నుంచి యూట్యూబర్ల మీద ఈ తరహా దాడులు జరుగుతున్నాయని 2021 అక్టోబర్‌లో గూగుల్ భద్రతా బృందమే బయటపెట్టింది. స్పాన్సర్‌షిప్ ఆశ చూపి డెమో సాఫ్ట్‌వేర్ పంపడం, కుకీలు కాజేయడం, చానల్ పేరు మార్చి క్రిప్టో మోసాల లైవ్ నడపడం. రెండేళ్లు కష్టపడి కట్టుకున్న చానల్ ఒక్క రాత్రిలో పోతుంది.

కాబట్టి ఈ రోజే ల్యాప్‌టాప్‌కు ఇంటర్నెట్ ఆపండి. ఫోన్ నుంచి గూగుల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల్లోనూ సైన్ అవుట్ చేయండి. రికవరీ నంబర్, మెయిల్ మీవేనా, చానల్ పర్మిషన్లలో తెలియని పేరుందా చూడండి. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్లన్నీ మార్చాల్సిందే, బ్యాంకుది ముందు. పాటల ఫైళ్లు, రాసుకున్న చరణాలు మాత్రం దాచుకుని, విండోస్‌ను మొదటినుంచి వేయించండి. ఆ ప్లగిన్ల ఫోల్డర్‌ను ‘ఎందుకైనా మంచిదని’ వెనక్కి తేవద్దు. ఖాతాలోంచి డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మీ ఫ్రెండ్‌కూ చెప్పండి, పాపం అతని ల్యాప్‌టాప్ కూడా అలాగే ఉండి ఉంటుంది.

తప్పంతా కుర్రాళ్లదే అనను. ఒకసారి కొన్న ప్లగిన్‌కు లైసెన్స్ మేనేజర్ ఒకటి, దానికో లాగిన్, కొన్నిటికైతే నెలనెలా చందా. పెద్ద సిస్టమ్ అప్‌డేట్ వస్తే డబ్బిచ్చి కొన్నదే తెరుచుకోదు. నాకూ అలా ఒక రికార్డింగ్ మధ్యలో ఆగిపోయింది. డబ్బు కట్టినవాణ్ణి దొంగలా చూస్తే, కట్టనివాడు దొంగ కాపీకే పోతాడు. రీపర్ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లకు 60 రోజుల ట్రయల్ ఉంది, ఐఫోన్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం. వాటితో మొదలుపెట్టండి.

ప్రశ్న: బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో పాడుతుంటే తాళం తప్పుతోంది. బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో పట్టుకునే శబ్దం ముక్క) 128 శాంపిల్స్‌కి తగ్గించినా అంతే. (గుంటూరు, అరండల్‌పేట)

జవాబు: 128 శాంపిల్స్ అంటే దాదాపు 3 మిల్లీసెకన్లే, అక్కడ పెద్ద ఆలస్యం లేదు. బ్లూటూతే మామూలుగా వందకు పైగా తింటుంది. వైరున్న హెడ్‌ఫోన్స్ కొనండి.