నీడలో నలుపు వద్దు

చిరంజీవి అమ్మలుకు, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన పొలం బొమ్మను ఫోన్లో పెద్దది చేసుకుని చాలాసేపు చూశాను. గట్టు, తాడిచెట్లు, దూరాన ఊరు, గీత బాగా కుదిరింది. ఎండే రాలేదు. నీడలన్నిట్లో నలుపు కలిపావు, అదీ కారణం.

1868-69 చలికాలంలో ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మొనే ఫ్రాన్స్‌లోని ఎత్రెతా దగ్గర 'ది మాగ్‌పై' వేశాడు. మంచు కప్పిన పల్లె, కర్రల గేటు మీద ఒకే ఒక్క పిట్ట. మంచు మీద పడిన కంచె నీడ చూడు, నీలంగా ఉంటుంది. ఎండ తగలని చోటికి ఆకాశం వెలుతురు వస్తుంది కదా, ఆ రంగే అక్కడ దిగుతుంది. ఆ బొమ్మను 1869లో పారిస్ అధికారిక చిత్రప్రదర్శన సలోన్ వాళ్లు తిప్పి పంపేశారు. ఇప్పుడది పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో ఉంది.

నమ్మకం కుదరకపోతే పొద్దున్నే డాబా మీద తెల్ల దుప్పటి పరిచి, మధ్యలో చెంబు పెట్టి దాని నీడ చూడు. ఎర్రమట్టి మీదైతే ఆ నీలం ఊదాకి తిరుగుతుంది. ముదురు రంగు కావాలంటే అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్రగోధుమ రంగు కలుపు, నల్ల ట్యూబు ఇంట్లోనే ఉండనీ.

మూడ్ ఎలా తేవాలని అడిగావు. దానికోసం విడిగా ఏమీ చేయక్కర్లేదమ్మా, ఏ వేళ వేస్తున్నావో ఆ వేళకు కట్టుబడి ఉండు. 1890-91లో తానుండే జివర్నీ ఊళ్లో మొనే కుప్పల బొమ్మలు పాతిక దాకా వేశాడు. మనవాళ్లు గడ్డివాములంటారు గానీ అవి ఇంకా నూర్చని గోధుమ కుప్పలు. వెలుతురు మారగానే చేతిలో కాన్వాసు పక్కన పెట్టి ఇంకోటి అందుకునేవాడు. నువ్వూ రెండు చిన్న బోర్డులు తీసుకెళ్లు, పొద్దున ఏడింటికొకటి, సాయంత్రం ఐదున్నరకొకటి. పొద్దుటి బొమ్మను సాయంత్రం దిద్దావో, రెండు వేళలూ పోతాయి. సగంలో ఆగిపోయినా టెన్షన్ పడకు, మర్నాడు అదే వేళకు వెళ్లు.

గొడుగు మరిచిపోకు, అది నీకు కాదు, బోర్డుకి. బోర్డు మీద నేరుగా ఎండ పడితే ప్రతి రంగూ వెలిగిపోతున్నట్టే ఉంటుంది. తీరా ఇంటికి తెచ్చి చూస్తే బొమ్మంతా మసకగా కనపడుతుంది. తెలుపు మాత్రం పెద్ద ట్యూబు కొనుక్కో, అందరికీ అదే ముందు అయిపోతుంది.

ఆ రెండు బోర్డులూ ఆరకముందే ఫోటో తీసి పంపు.

మీ పెదనాన్న