క్యాన్సర్ కోసం మారథాన్: విరాళాలు మీ ఖాతాలోకి ఎందుకు?

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం. వయసు 36. ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌గా నెలకు 58 వేలు వస్తాయి, ఇంటి లోను ఈఎంఐ 17 వేలు. మా అమ్మ రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. ఆమె పేరు మీద జనవరిలో ముంబై మారథాన్ పరిగెత్తి, క్యాన్సర్ పరిశోధనకు విరాళాలు పోగు చేద్దామని ఒక ట్రస్టు తరఫున పేరిచ్చాను. లక్షన్నర తెస్తానని, తగ్గితే మిగతాది నేనే కడతానని సంతకం పెట్టాను. ఇప్పటికి నా ఫోన్‌పేకి 61 వేలు వచ్చాయి. అందులో అక్క, మేనమామ, పిన్ని ఇచ్చినవి 20 వేలు. మిగతావి స్నేహితులు, తోటి లెక్చరర్లు, పెదనాన్న కొడుకులు పంపారు. దీనికి టాక్స్ పడుతుందా? తగ్గిన మొత్తానికి చీటీ పాడేసుకోనా?

జవాబు: ముందు ఫోన్‌పే సంగతి చూద్దాం, అదే తొందరగా తేలాల్సింది. బయటివాళ్ల నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో వచ్చిన కానుకలు 50 వేలు దాటితే, దాటిన ముక్క మీదే కాదు, మొత్తాన్నీ మీ ఆదాయంలో కలుపుతారు. దగ్గరి బంధువులు ఇచ్చినదానికి ఈ పరిమితి లేదు. అయితే బంధువు ఎవరో తేల్చేది మన శుభలేఖల జాబితా కాదు, చట్టం. అక్క, మేనమామ, పిన్ని బంధువులే. పెదనాన్న కూడా బంధువే. పెదనాన్న కొడుకు మాత్రం కాదు! మీరు అన్నయ్యా అని పిలిచినా, ఐటీ శాఖ లెక్కలో ఆయన మీ స్నేహితుడితో సమానం. అంటే మీ లెక్కలోకి వచ్చేది 41 వేలు. ఇంకో 9 వేల దాకానే వెసులుబాటు ఉంది.

ఆ డబ్బు నాది కాదు, ట్రస్టుకే ఇచ్చేస్తాను కదా అంటారు. నిజమే, కాగితాలు పక్కాగా ఉంటే ఆ మాట నిలబడుతుంది కూడా. కానీ ఎప్పుడో నోటీసు వస్తే ఎవరు ఎంత వేశారో వెతుక్కునే టెన్షన్ మీకెందుకు? ఇవాళే మీ క్యూఆర్ కోడ్ పంపడం ఆపేసి, ట్రస్టు వాళ్ల లింకో, వాళ్ల ఖాతా నంబరో ఇవ్వండి. వచ్చిన 61 వేలను నగదుగా తీయకుండా ఖాతా నుంచే ట్రస్టుకు పంపించి, ఎవరెంత ఇచ్చారో పాన్ నంబర్లతో జాబితా జత చేయండి. రసీదులు వాళ్ల పేర్ల మీద ఇస్తారేమో అడగండి. చాలాచోట్ల డబ్బు ఎవరి ఖాతా నుంచి వస్తే రసీదు వాళ్లకే.

రసీదు మీ పేరు మీద వస్తే మీకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఆదాయపు పన్ను కొత్త పద్ధతిలో జీతగాళ్లకు 12.75 లక్షల వరకు పన్నే పడదు, పైగా అందులో విరాళాలకిచ్చే 80జి పన్ను మినహాయింపూ లేదు. నష్టం పాత పద్ధతిలో రిటర్న్ వేసే మీ స్నేహితులకు. మిర్చి యార్డులో తెలిసిన కమిషన్ వ్యాపారి ఎవరైనా ‘పది వేలు క్యాష్ ఇస్తా, పట్టుకెళ్లు’ అంటే తీసుకోకండి. 2 వేలు దాటిన నగదు విరాళానికి 80జి వర్తించదు. ఆయన చేత నేరుగా ట్రస్టుకే చెక్కు రాయించండి.

మీరు అందరినీ ‘పరిశోధన’ అని అడుగుతున్నారు కాబట్టి, డబ్బు పరిశోధనకే వెళ్తుందా, రోగుల చికిత్సకా అని ట్రస్టును రాతపూర్వకంగా అడగండి. మన గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ కేంద్రం ఉన్నది రోగులకు వైద్యం కోసం. 1941లో మొదలైన ముంబై టాటా మెమోరియల్‌లో వైద్యంతో పాటు పరిశోధనా జరుగుతుంది. దేనికిచ్చినా మంచిదే, చెప్పిన మాటా చేసిన పనీ ఒకటి కావాలి.

ఇక చీటీ. వద్దు. తొందరపడి పాడుకుంటే చేతికొచ్చేది బాగా కోసుకుపోతుంది, నెలనెలా కట్టాల్సింది మాత్రం చివరిదాకా కట్టాలి. మీకు కావాల్సింది ఇంకా 89 వేలు, అంటే మనిషికి 500 చొప్పున 178 మంది. 1980లో టెర్రీ ఫాక్స్ అనే కెనడా కుర్రాడు, క్యాన్సర్‌తో పోయిన కాలి స్థానంలో కృత్రిమ కాలు పెట్టుకుని పరుగు మొదలుపెట్టి, ప్రతి పౌరుణ్ణీ అడిగింది ఒక్కో డాలరే. మరుసటి ఏడాదికి దేశ జనాభా అంత డాలర్లు, 2.4 కోట్లు, పోగయ్యాయి. లెక్చరర్లకు పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులకు కొదవ ఉండదు, అక్కడ అడగండి. ఇప్పుడు క్లాసులో కూర్చున్నవాళ్లను మాత్రం అడగొద్దు. ఇంటర్నల్ మార్కులు మీ చేతిలో ఉండగా వాళ్లిచ్చేది విరాళం అనిపించుకోదు. చివరికి ఎంతో కొంత తగ్గినా, మీ జేబులోంచి 15 వేలకు మించి పెట్టనని ఇప్పుడే ఇంట్లో చెప్పండి. గడువు పొడిగిస్తారా, పూర్తిగా తేలేకపోతే ఏం చేస్తారు అన్నది కూడా ట్రస్టుతో ఇప్పుడే తేల్చుకోండి.

షూ, హోటల్, రైలు ఖర్చు విరాళాల్లోంచి ఒక్క రూపాయి కూడా తీయకండి. రేసు మామూలుగా జనవరి మూడో ఆదివారం, అంటే సంక్రాంతి రద్దీ పక్కనే. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. విజయవాడ వెళ్లి కోణార్క్ ఎక్కాలనుకుంటే నవంబరులోనే టికెట్టు తీసుకోండి, తత్కాల్‌ని నమ్ముకోవద్దు.

మీరు అడగలేదు గానీ, కాలేజీ ఇచ్చే గ్రూపు పాలసీ ఒక్కటే ఉంటే, దానితో సరిపెట్టుకోకుండా సొంతంగా 10 లక్షల హెల్త్ పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు. ఫారంలో కుటుంబ ఆరోగ్య చరిత్ర అడిగితే అమ్మగారి జబ్బు గురించి ఉన్నదున్నట్టు రాయండి. ఏజెంటు ‘అదెందుకులెండి’ అన్నా సరే.